చేబదులు గోలీలు

నేను ఒక బిళ్ళల అట్టను, రక్తపోటు బిళ్ళల అట్టను. పదిహేను బిళ్ళలతో పుట్టాను. వాటిలో చేరాల్సిన నోటికి చేరాల్సిన వేళకు చేరినవి నాలుగే. మిగతావి ఏమయ్యాయో చెబుతాను. ముందే ఒక మాట. నాకు మనుషులంటే రోత. నేను చెప్పడం పూర్తయ్యేసరికి మీకూ కొంచెం రోత పుడితే అది నా తప్పు కాదు.

నేను పుట్టిన చోట రోతకు తావే లేదు. హైదరాబాదు దాటాక ఒక మందుల ఫ్యాక్టరీ. లోపలికి వచ్చేవాళ్ళు చెప్పులు బయట విడిచి, జుట్టుకు టోపీ పెట్టుకుని, మూతికి గుడ్డ కట్టుకుని, చేతులు రెండుసార్లు కడుక్కుంటే గానీ నా దరిదాపులకు రానిచ్చేవారు కాదు. నా బిళ్ళ ఒక్కొక్కటీ రెండు పొరలు. తెల్ల పొరలోని మందు బిగుసుకున్న రక్తనాళాలను సడలిస్తుంది. గులాబీ పొరలోనిది ఒంట్లో ఎక్కువైన ఉప్పునూ నీటినీ మూత్రంలో పంపేస్తుంది. ఒక్క మందుకు లొంగని రక్తపోటు కోసం రెండింటినీ ఒక బిళ్ళలో పెట్టారు. తేమ తగిలితే మెత్తబడిపోతానని రెండు వైపులా వెండిరేకు కప్పారు.

నా వీపు మీద నిలువునా ఒక ఎర్ర గీత వేశారు. డాక్టరు చీటీ లేకుండా నన్ను వాడకూడదని దాని అర్థం. దాని పక్కనే చీమ తలకాయంత అక్షరాల్లో హెచ్చరికలు రాశారు. గర్భిణులు మింగకూడదన్నదీ అందులో ఉంది. అన్నీ ఇంగ్లీషులో. నన్ను మింగబోయేవాళ్ళలో ఎందరు ఇంగ్లీషు చదవగలరని అక్కడ ఎవరూ అడగలేదు. అన్నిసార్లు చేతులు కడుక్కునేవాళ్ళకు ఆ ఆలోచన రాకపోవడం చూసి మొదటిసారి ముఖం చిట్లించాను.

కోరుట్లలో ఒక మందుల దుకాణానికి చేరాను. ఒకరోజు శ్రీధర్ అనే ఆటో డ్రైవరు తల్లి పేరున రాసిన చీటీ తెచ్చాడు. దుకాణం ఆయన మంచివాడు. నన్ను చేతిలో పట్టుకుని నెమ్మదిగా చెప్పాడు.

"దినాం పొద్దుగాల ఒకటి. తల తేలికైందని ఆపొద్దు. వేరేటోళ్ళకు ఇయ్యొద్దు. రెండు వారాలకు మల్ల డాక్టరమ్మకు చూపియ్యాలె, రక్త పరీక్ష చేస్తరు. మీ అమ్మ ఒళ్ళునొప్పుల గోలీలేమన్న మింగుతదా? మింగితే డాక్టరమ్మకు చెప్పుండ్రి. రెండూ కలిస్తే కిడ్నీలకు మంచిది కాదు."

శ్రీధర్ ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఉన్నాడు. "ఆఁ అన్నా, సరే అన్నా" అన్నాడు. ఆ 'సరే' ఫోనులోని మనిషికో, దుకాణం ఆయనకో నాకు ఇప్పటికీ తెలియదు. ఇంటికి వెళ్ళి తల్లి చేతిలో నన్ను పెట్టి చెప్పింది ఒక్కటే ముక్క: "అమ్మా, పొద్దుగాల ఒకటి."

ఆ తల్లి పేరు వజ్రవ్వ. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. నలభై ఏళ్ళుగా బీడీలు చుడుతోంది. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు, ఆకు కత్తిరించే కత్తెర, దారం. మాట్లాడుతున్నా, నవ్వుతున్నా, ఎవరినైనా తిడుతున్నా ఆ కుడిచేతి వేళ్ళు మాత్రం ఆగేవి కావు. చూడకుండానే చుట్టేది. గల్లీలో ఎవరికి ఏం కావాలన్నా ఆమె గడప తొక్కేవారు. గిన్నెడు పప్పు, ఇంత నూనె, జ్వరం పిల్లకు చెంచాడు మందు. లేదు అనే మాట ఆమెకు రాదు. ఆ గుణాన్ని గల్లీ అంతా మెచ్చుకునేది. ఆ మెప్పు తలుచుకుంటే నాకు ఇప్పటికీ రోతే.

నన్ను ఎక్కడ పెట్టిందనుకున్నారు? చాటలో, తడిపిన తునికాకు కింద. చేతికి అందుబాటులో ఉంటానట! తంబాకు పొడి నా రేకు సందుల్లో దూరింది. ఆకుల తడి, ఆ ఘాటు, అదే చేత్తో నోట్లో వేసుకునే వక్క. ఫ్యాక్టరీలో మూతిగుడ్డ కట్టుకున్న ఆడపిల్లలు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చాను. అయినా ఓర్చుకున్నాను. నాలుగు రోజులు పొద్దున్నే ఒక బిళ్ళ తీసి మింగింది కదా, నా పని నన్ను చేసుకోనిస్తోంది కదా అనుకున్నాను.

అయిదో రోజు లేచి తల అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "అబ్బ, తలకాయ దూదిలెక్క ఉన్నది. ఇగ నాకు బీపీ లేదు," అని ప్రకటించి చాట ముందేసుకుంది.

ఎంత నీచమైన తర్కమో చూడండి. నేను పనిచేశాను కాబట్టి తల తేలికైంది. తల తేలికైంది కాబట్టి నేను అక్కర్లేదు! రక్తపోటు ఎప్పుడూ తలనొప్పి రూపంలోనే వచ్చి తలుపు తట్టాలని ఈ మనుషులకు ఎవరు చెప్పారు? చప్పుడు చేయకుండా లోపల పెరుగుతూ ఉంటుంది, అందుకే కదా రోజూ మింగమనేది.

వారం తర్వాత నొసలు నొప్పి పెడితే మళ్ళీ నేను గుర్తొచ్చాను. ఒక బిళ్ళ తీసి, కొద్దిపాటి నొప్పికి మొత్తం ఎందుకని ఆకు కత్తెరతో రెండు ముక్కలు చేసింది. ఒక ముక్క మింగింది. రెండో ముక్కను తంబాకులో వదిలేసింది. అది మర్నాటికి చెమ్మకు పిండైపోయి చెత్తతో పాటు గుమ్మం దాటింది. నాకు ఏడవడం రాదు, లేకపోతే ఆ రోజు ఏడ్చేదాన్ని.

పక్కింటి జమున కూడా బీడీలే చుడుతుంది. ఆమె కూతురు రవళి మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చింది, ఏడో నెల. ఒకరోజు మధ్యాహ్నం జమున వచ్చి అరుగు మీద కూలబడింది.

"వజ్రక్కా, పోరికి కాళ్ళు బూరెల్లెక్క ఉబ్బినయే. రాత్రంత తలకాయ నొస్తున్నదని ఒకటే గునుసుడు."

"దవాఖానకు తోల్కపోలేదా?"

"వచ్చే వారం ఎట్లాగూ పోవాల్నాయె. ఊకూకె ఏం పోతం?"

వజ్రవ్వ కత్తెర పక్కన పెట్టి పెద్ద డాక్టరులా తల పంకించింది. "నాకూ గట్లనే ఉండె గదనే. తలకాయ నొచ్చుడు, కాళ్ళు ఉబ్బుడు. గది బీపీ." ఆకుల కింద నుంచి నన్ను లాగి, చీరకొంగుతో ఒక తుడుపు తుడిచి, జమున చేతిలో పెట్టింది. "గిది మింగియ్యి. దినానికి ఒకటి. నాకైతే తగ్గిపోయింది. మల్ల నాకు నొస్తే అడుగుత తియ్యి."

అన్నం పెట్టినంత ప్రేమగా ఇచ్చింది. నా వీపు మీది ఎర్ర గీత జమున వేళ్ళ కింద ఉంది. ఆ ఇద్దరిలో ఒక్కరైనా నన్ను తిప్పి చూసి ఉంటే! చూసినా ఏం లాభం, అది ముగ్గు గీత అనుకునేవాళ్ళు.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. వజ్రవ్వ ఊహ తప్పు కాదు. రవళికి నిజంగానే రక్తపోటు పెరిగింది. అందుకే ఆ రోజే ఆస్పత్రికి పరుగెత్తాలి. కడుపుతో ఉన్నవాళ్ళ రక్తపోటుకు వేరే మందులున్నాయి, వేరే జాగ్రత్తలున్నాయి. నాలోని తెల్ల పొర వజ్రవ్వ లాంటి మనిషికి ప్రాణం పోస్తుంది. కడుపులోని బిడ్డ దగ్గరికి వెళ్తే ఆ బిడ్డ మూత్రపిండాలను దెబ్బ తీస్తుంది, చుట్టూ ఉన్న ఉమ్మనీరు తగ్గిపోతుంది. నన్ను నేను ఆపుకోలేను. ఎవరు మింగితే వాళ్ళలో కరగడమే నా బతుకు.

రవళి మెత్తని పిల్ల. "ఏం గోలీ అమ్మా ఇది?" అని అడిగింది. "వజ్రక్క ఇచ్చింది, మంచిది," అంది జమున. అంతే, మింగింది. రెండు రోజులు తల నొప్పి కొంచెం తగ్గింది. జమున గోడ మీద నుంచి కేకేసింది: "వజ్రక్కా, నీ చెయ్యి మంచిదే!" అవతల నుంచి వజ్రవ్వ సంబరంగా నవ్వింది. నాలుగో రోజున రవళి పొట్ట మీద చెయ్యి వేసుకుని చాలాసేపు కూర్చుంది.

"అమ్మా, లోపట కదులుడు తక్కువైందే."

"పడుకున్నట్టుంది. వట్టిగనే బుగులు పడకు. గోలీ మింగినవా?"

ఛీ.

ఆరో రోజు పొద్దున ఎస్తేరు సిస్టరు వచ్చింది. ఆ వాడ గర్భిణులందరి బాధ్యత చూసే నర్సు. రవళి చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది, మళ్ళీ చూసింది. ఆమె ముఖంలో నవ్వు పోయింది. "నూటాయాభై మీద ఉన్నది. ఏమన్న మందు మింగుతున్నవా?"

రవళి నోరు తెరిచేలోపే జమున అందుకుంది. "ఏం లేదు సిస్టరమ్మా, మీరిచ్చిన బలం గోలీలే."

నేను కుంకుమ భరిణె పక్కన, గూట్లో ఉన్నాను. ఎవరికీ తెలియకూడదని దాచారంటే తప్పని ఎక్కడో తెలుసన్నమాట. తెలియక చేసే తప్పును భరించగలను. ఇది భరించలేను. రవళి తల్లి వైపు చూసి, సిస్టరు వైపు చూసి, వేలితో గూడు చూపించింది. "అది మింగుతున్న సిస్టర్. వజ్రవ్వ పెద్దమ్మ ఇచ్చింది."

సిస్టరు నన్ను తీసింది. ఇన్నాళ్ళకు ఒక మనిషి నన్ను తిప్పి చదివింది. చదివి, ఖాళీ అయిన గుంటలు లెక్కపెట్టింది.

"ఎన్ని మింగినవ్?"

"ఆరు."

"జమునా, ఆటో పిలువు. ఇప్పుడే పోవాలె. ఇది కడుపుతోటి ఉన్నోళ్ళు ముట్టుకోవద్దు. నీ బిడ్డ బిడ్డకు ఏమన్నయితే ఎవ్వరు జవాబు చెప్తరు?" అంటూనే ఏదో తట్టినట్టు ఆగింది. "ఆగు. గోలీలు నీకిచ్చి, వజ్రవ్వ ఏం మింగుతున్నది?"

నన్ను చేత్తో పట్టుకునే పక్కింటికి నడిచింది. వజ్రవ్వ గుమ్మంలో చాటతో కూర్చుని ఉంది. సిస్టరును చూసి ఎప్పటిలాగే నవ్వింది.

"పెద్దమ్మా, ఇవి నువ్వు ఎన్ని దినాల సంది మింగుతలేవు?"

"నాకు తగ్..." అంది వజ్రవ్వ. రెండో అక్షరం నోట్లోనే చిక్కుకుంది. ఆమెకే వింతగా అనిపించినట్టుంది, మళ్ళీ ప్రయత్నించింది. మాట రాలేదు. నవ్వు కుడివైపు కిందికి జారింది. వేళ్ళలోంచి కత్తెర ఊడి చాటలో పడింది. నలభై ఏళ్ళు ఆగని చెయ్యి ఒళ్ళో అలా పడి ఉంది, అది తనది కానట్టు ఆమె దానివైపు చూసింది.

శ్రీధర్ ఆటోలో ఇద్దరినీ కోరుట్ల ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ముందు వజ్రవ్వ, ఆమెను పట్టుకుని సిస్టరు, పక్కన రవళి, జమున. ఒకే అట్ట రెండు ఇళ్ళను ఒక ఆటోలో ఎక్కించింది.

వజ్రవ్వ రక్తపోటు రెండు వందల పది. తలలో రక్తనాళం మూసుకుపోయిందని చెప్పి జగిత్యాలకు పంపారు. త్వరగా తెచ్చారు కాబట్టి ప్రాణం నిలిచింది. మాటా కుడిచెయ్యీ నిలవలేదు. రవళికి స్కానింగు చేశారు. డాక్టరమ్మ తెర మీద నీటి లోతు రెండుసార్లు కొలిచింది. "ఉమ్మనీరు తగ్గింది. గోలీ ఆపినం కాబట్టి మల్ల పెరగొచ్చు. ఇంకొన్ని దినాలు మింగి ఉంటే నేను ఈ మాట చెప్పకపోదును," అంది. జమున గోడకు ఆనుకుని ఏడ్చింది. "మంచికే చేసిన డాక్టరమ్మా, మంచికే చేసిన." ఆ 'మంచికే' అనే మాట ఆస్పత్రి వరండాల్లో నేను విన్నన్నిసార్లు ఎవరూ విని ఉండరు.

వజ్రవ్వను చూడటానికి వార్డుకు చుట్టాలొచ్చారు. ఆ రోజు సిస్టరూ వెళ్ళింది, ఆమె సంచిలో ఉండి అన్నీ విన్నాను. నోట మాట రాక చూస్తున్న మనిషి మంచం పక్కన నిలబడి ఒకాయన తన బీపీ బిళ్ళ తెల్లదని, ఇంకొకాయన తనది పసుపుదని, తెల్లదే మంచిదని వాదించుకున్నారు. ఒకామె తాను ఏడాది క్రితమే అన్నీ మానేసి ఏదో ఆకు రసం తాగుతున్నానని, వజ్రవ్వకూ తెచ్చి పోయమని చెప్పి వెళ్ళింది. మంచం మీద పడున్న మనిషిని చూస్తూ చెప్పింది, చూస్తూ!

రవళి బాగుపడింది. ఉమ్మనీరు మెల్లగా పెరిగింది, వేరే మందుతో రక్తపోటు అదుపులోకి వచ్చింది. రెండు వారాలు ముందుగా కాన్పు అయింది. ఆడపిల్ల, చిన్న పిల్ల, రెండు కిలోల చిల్లర. మూత్రపిండాలు సరిగ్గానే ఉన్నాయని చూసి చెప్పాకే డాక్టరమ్మ తల్లీబిడ్డలను ఇంటికి పంపింది.

సిస్టరు నన్ను పారేయలేదు. మిగిలిన నాలుగు బిళ్ళలతో సంచిలో పెట్టుకుని వాడవాడకూ తిప్పింది. మీటింగు పెట్టిన చోటల్లా నన్ను పైకెత్తి చూపించేది.

నాలుగు నెలల తర్వాత ఆ గల్లీలోనే పెట్టింది. పాతికమంది బీడీల ఆడవాళ్ళు వచ్చారు. రవళి బిడ్డను ఒళ్ళో వేసుకుని కూర్చుంది. జమున తలెత్తలేదు. వజ్రవ్వను కుర్చీలో తెచ్చి కూర్చోబెట్టారు. కుడిచెయ్యి ఒళ్ళో ముడుచుకుని ఉంది. ఇంటికొచ్చాక ఆమె ఊఁ, ఆఁ తప్ప మాట్లాడినట్టు ఎవరూ వినలేదు.

సిస్టరు జరిగిందంతా చెప్పింది. ఎర్ర గీత చూపించింది. ఒకరి మందు ఒకరికి ఎందుకు పనికిరాదో, తగ్గినట్టున్నా ఎందుకు ఆపకూడదో, కడుపుతో ఉన్నా కడుపు కావాలనుకుంటున్నా ముందు డాక్టరుకు ఎందుకు చెప్పాలో విడమర్చి చెప్పింది. చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. మనుషుల మీద నాకు కొంచెం, చాలా కొంచెం, మనసు కరగబోయింది.

అప్పుడు వెనక వరుసలోంచి ఒకామె లేచింది. "సిస్టరమ్మా, అండ్ల నాలుగు గోలీలు మంచిగనే ఉన్నయి గద. ఊకె పారేసుడెందుకు? నాకియ్యరాదు? మా ఆయనకు పొద్దటి సంది తల తిరుగుతున్నది."

ఎవరూ నవ్వలేదు. ఇద్దరు ముగ్గురు అవునన్నట్టు తల ఊపారు కూడా.

వజ్రవ్వ ఎడమచెయ్యి చాపి సిస్టరు అరచేతిలోంచి నన్ను లాక్కుంది. ముఖం ఎర్రబడింది, మెడ నరాలు తేలాయి, పెదవులు ఒకటికి నాలుగుసార్లు వంకర పోయాయి.

"ఇ... య్య... కు," అంది.

జమున కొంగు నోట్లో కుక్కుకుంది.

"నాకియ్యి పెద్దమ్మా, దవాఖానల పడేస్త," అంది సిస్టరు మెల్లగా. వజ్రవ్వ పిడికిలి విప్పలేదు. ఇంకా బిగించింది. రేకుల మధ్య నా నాలుగు బిళ్ళలు పటపటమని నలిగి పిండయ్యాయి, నా అంచులు ఆమె అరచేతిలో గుచ్చుకున్నాయి. ఇన్ని చేతుల్లో పడ్డాను గానీ, నాకు రోత పుట్టించని చెయ్యి అదొక్కటే.