రెండోసారి పాడిన పద్యం

2023 నవంబరు పంతొమ్మిది, ఆదివారం. కడియం దగ్గర ఒక నర్సరీ తోటలో మా కార్తీక వనభోజనాలు. కంద బచ్చలి కూర, పులిహోర, మామిడల్లం పచ్చడి, పూర్ణం బూరెలు. బూరెకు వేలితో చిల్లు పెట్టి నెయ్యి పోయించుకుంటున్నాను. పక్క విస్తరి ముందు దొరబాబు తినడం ఆపేసి, ఎడం చేత్తో ఫోన్ పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

"మేస్టారూ, మన ఛానెల్‌కి నోటీసొచ్చిందండి. కాపీరైటంట."

వరసలో అందరి చేతులూ ఆగిపోయాయి.

మేమంతా పౌరాణిక నాటక పద్యాలంటే చెవి కోసుకునేవాళ్ళం. రిటైరైన గుమస్తాలు, టీచర్లు, కొందరు రైతులు. నేను కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యాను. మాకొక వాట్సాప్ గ్రూపు ఉంది. ఎక్కడెక్కడో తీర్థాల్లో, తిరునాళ్ళలో ఎవరో దొంగచాటుగా టేపు చేసిన నాటకాలు ఇంటర్నెట్‌లో దొరుకుతుంటాయి. వాటిని డౌన్‌లోడ్ చేసుకుని ఒకరికొకరం పంపుకుంటాం. దొరబాబు ఇరిగేషన్‌లో పనిచేశాడు. వయసులో ఉన్నప్పుడు తనే టేప్ రికార్డరు భుజాన వేసుకుని నాటకాల వెంట తిరిగినవాడు. ఆ టేపులన్నీ యూట్యూబులో పెట్టి, ఛానెల్ నడుపుతున్నాడు.

"కేసు పెడతారంటారా?" అన్నారు ఏసురాజు గారు. ఆయన హైస్కూలు హెడ్‌మాస్టరుగా చేశారు. "మా తబితకి పెళ్ళి సంబంధాలు చూస్తున్నామండి. నేను జైల్లో ఉంటే ఎలా?"

"మిమ్మల్ని జైల్లో పెడితే అక్కడ కూడా ప్రేయరు చేయించి అటెండెన్సు తీసుకుంటారు. భయపడి వాళ్ళే వదిలేస్తారు లెండి," అన్నాడు దొరబాబు. కానీ అతని మొహంలో నవ్వు లేదు.

నోటీసు పంపింది ఒక పాత క్యాసెట్ల కంపెనీ. సామర్లకోట సూర్యకళ పాడిన పద్యాలు కొన్ని తమవని వాళ్ళ మాట. అన్నీ తీసేద్దామన్నారు కొందరు. పేరు మార్చి ఇంకో ఛానెల్ పెడదామన్నారు ఇంకొందరు. నాకు మాత్రం ఒకటే అనిపించింది, ఆ మాటే అన్నాను.

"కంపెనీ సంగతి సరే. ఆ గొంతు ఎవరిదో వాళ్ళనెప్పుడైనా అడిగామా?"

"ఆవిడ పోయారు కదండీ," అన్నాడు దొరబాబు. నిజమే, కరోనా రోజుల్లో ఎవరో అన్నారని గ్రూపులో సంతాపం కూడా పెట్టుకున్నాం. ఛానెల్లో ఆవిడ పేరుకు ముందు 'కీర్తిశేషులు' అని చేర్చింది అప్పుడే.

ఏసురాజు గారి చెల్లెలు జ్ఞానమ్మ గారిది సామర్లకోట. ఆయన అక్కడికక్కడే ఫోన్ చేసి, స్పీకర్ పెట్టారు. "సూర్యకళ గారా? పోవడమేంటన్నయ్యా! మొన్న రైతు బజారులో బెండకాయలు విరిచి చూస్తుంటే కొట్టువాడు దెబ్బలాడాడు. ఆవిడ ఊరుకోలేదు!"

చనిపోయినవాళ్ళను అడగనక్కర్లేదన్న ధైర్యమేదో ఇన్నాళ్ళూ మాకుండేదని నాకప్పుడు తెలిసింది.

"నేను వెళ్ళి అడుగుతాను," అన్నాను.

ఆ వారంలోనే సామర్లకోటకు పాసింజరెక్కాను. అనపర్తిలో జనం ఎక్కారు. ఒకామె తన అరటిగెలను ఒళ్ళోకి తీసుకుని, కిటికీ దగ్గర నాకు చోటిచ్చింది. జేబులో ఫోన్ ఉంది. అందులో సూర్యకళ గారి కోటిపల్లి రికార్డు ఉంది.

ఆ రికార్డు గురించి చెప్పాలి. నాటకంలో పద్యం పండితే జనం 'ఒన్స్‌మోర్' అని అరుస్తారు. కథ ఎక్కడున్నా సరే, పాత్ర ఆగి అదే పద్యం మళ్ళీ మొదటినుంచి పాడాలి. శవంగా పడుకున్నవాడైనా లేచి పాడి మళ్ళీ పడుకోవాల్సిందే. ఎనభై ఎనిమిది శివరాత్రికి కోటిపల్లి తీర్థంలో, బిడ్డను పోగొట్టుకున్న తల్లి పద్యం సూర్యకళ గారు పాడారు. మధ్యలో గొంతు పూడుకుపోయింది. జనం ఈలలు, ఒన్స్‌మోర్లు. ఆవిడ మళ్ళీ పాడారు. రెండోసారి ఏడుపు ఇంకా నిండుగా, ఇంకా అందంగా వచ్చింది. దాన్ని టేపు చేసింది దొరబాబే. మా గ్రూపులో దానికి మించినది లేదు.

నా భార్య రామలక్ష్మి పోయిన కొత్తలో నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళంతా ధైర్యంగా ఉన్నానని మెచ్చుకున్నారు. ఒక సాయంత్రం ఈ పద్యం విన్నాను. రెండోసారి పాడుతున్నప్పుడు కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. అప్పటినుంచి రెండేళ్ళుగా, రాత్రి భోజనమయ్యాక ఒకసారి వినకుండా నేను పడుకున్నది లేదు.

సూర్యకళ గారిల్లు భీమేశ్వరాలయం వెనక సందులో ఉంది. కోడలు దేవిశ్రీ తలుపు తీసి, నా చేతిలో బత్తాయిల సంచి అందుకుంది. సూర్యకళ గారు కుర్చీలో కూర్చుని చిక్కుళ్ళు ఈనెలు తీస్తున్నారు. సన్నగా, నిటారుగా ఉన్నారు. మేమెవరమో చెప్పాను.

"ఓహో! నన్ను చంపేసింది మీరేనా?"

నేను చేతులు జోడించాను.

"మా దేవిశ్రీ చూపించింది లెండి. కీర్తిశేషులంట. కింద దండాల బొమ్మలు, పువ్వులు. బతికుండగా ఏ నాటకాల కాంట్రాక్టరూ అన్ని పువ్వులు తేలేదు. ఏమే, కీర్తిశేషులు టీ తాగొచ్చా?"

"డాక్టరు గారు పంచదార వద్దన్నారు కానీ టీ వద్దనలేదత్తయ్యా," అంది లోపల్నుంచి దేవిశ్రీ. నాకు టీతోపాటు ఒక మంచినీళ్ళ గ్లాసు కూడా తెచ్చింది. అడగకుండానే నా ముందుకు ఫ్యాను తిప్పి వెళ్ళింది.

వచ్చిన పని చెప్పాను. ఆవిడ చిక్కుళ్ళు పక్కన పెట్టి విన్నారు.

"ఆ కంపెనీ క్యాసెట్లకి నేను సంతకం చేశానండి. అవి వాళ్ళవి. తీసెయ్యమంటే తీసెయ్యండి. మిగతావి మీరు తీర్థాల్లో పట్టుకున్నవంటున్నారు. దొంగతనమే కదండీ అది?"

"అవునండి."

"దొంగలెవరూ గుమ్మంలోకొచ్చి అడగరు. అడిగారు కాబట్టి ఇస్తున్నాను. వినండి, నలుగురికీ వినిపించండి. నా పేరు మాత్రం సరిగ్గా వెయ్యండి."

నాకు గుండె తేలికైపోయింది. ఆ ఉత్సాహంలో ఫోన్ తీసి, "మీ కోటిపల్లి పద్యమంటే మాకు ప్రాణమండి," అంటూ పెట్టేశాను. హార్మోనియం శ్రుతి వినబడింది. పద్యం ఎత్తుకోగానే ఆవిడ చెయ్యి చాచి, అరచేత్తో ఫోన్ మూసేశారు. వేళ్ళ సందుల్లోంచి తన గొంతే సన్నగా వస్తోంది.

"ఆపండి."

ఆపాను.

"ఆ సాయంత్రం మా నాన్న పోయారండి. పద్యాలు నేర్పింది ఆయనే, హార్మోనియం పట్టించింది ఆయనే. కబురు కాంట్రాక్టరుకి ముందే వచ్చింది. నేను మేకప్పులో ఉండగా చెప్పాడు. 'ఈ సీనొక్కటీ అయ్యాక కారెక్కిస్తానమ్మా, జనం రాళ్ళేస్తారు,' అన్నాడు. సరేనన్నాను. పాడుతుంటే మా నాన్న గుర్తొచ్చి ఏడ్చేశాను. అది ఏడుపేనండి, నాకు తెలుసు. జనం ఒన్స్‌మోర్ అన్నారు."

"మీరు పాడారు."

"పాడాను. రెండోసారి ఏడుపు రాలేదు. ఇందాక ఎలా ఏడ్చానో గుర్తు తెచ్చుకుని, ఎక్కడ గొంతు పూడుకుందో అక్కడే పూడ్చుకుని, అలాగే పాడాను. ఇంకొంచెం బాగా కూడా పాడాను. మా నాన్న చావును నటించానండి నేను. చప్పట్లు మొదటిదానికన్నా ఎక్కువ పడ్డాయి."

రెండోసారే ఎక్కువ బాగుంటుందని గ్రూపులో అందరికంటే ముందు అన్నది నేనే. ఆ మాట ఆవిడకు చెప్పలేదు.

"అన్నీ ఉంచుకోండి. ఇదొక్కటి తీసెయ్యండి. మిమ్మల్ని తిట్టడం లేదు. నా చెవిన పడకుండా ఉంటే చాలు."

"తీసేస్తామండి," అన్నాను. ఎలాగో అప్పటికి నాకు తెలియదు.

మర్నాడు పొద్దున్నే దొరబాబు ఇంటికెళ్ళాను. ఆవిడ ఒప్పుకున్నారనగానే అరుగు మీద నుంచి లేచి, "కాఫీ!" అని లోపలికి కేకేశాడు. మిగతాది విని మళ్ళీ కూర్చున్నాడు.

"కుదరదండి. పేరు మారుస్తాను, క్షమాపణ పెడతాను. కోటిపల్లిది మాత్రం తియ్యను. ఆ రాత్రి చలిలో కొబ్బరిచెట్టుకి టేప్ రికార్డరు కట్టి, కరెంటు వైరు పట్టుకుని నుంచున్నాను నేను. అయినా ఇంటర్నెట్‌లో పడ్డది తియ్యడం ఎవడి తరమండీ? ఎన్ని ఫోన్లలో ఉందో మీకు తెలుసా?"

"తెలియదు. మనకి తెలిసిన ఫోన్లలోంచి తీద్దాం."

"చట్టం ప్రకారం..."

"దొరబాబూ, కంపెనీ నోటీసిస్తే తింటూ తింటూ చెయ్యి ఆపేశాం. ఆవిడ నోటితో అడిగితే చట్టం వెతుకుతున్నామా?"

అతను కోపంగా చూశాడు. "మీకేమండీ, చెప్తారు. రోజూ వినేది మీరే. ముందు మీరు వినకుండా ఉండగలరా?"

అది న్యాయమైన మాట. నా ఫోన్ తీసి, ఇద్దరికీ మధ్య అరుగు మీద పెట్టాను. ఆ ఫైలు మీద వేలు నొక్కి పట్టుకున్నాను. తీసెయ్యమంటారా అని అడిగింది. అవునని నొక్కాను.

"ముప్పై రోజులు చెత్తబుట్టలో ఉంటుందండి," అన్నాడు దొరబాబు నెమ్మదిగా. "కావాలంటే మళ్ళీ తెచ్చుకోవచ్చు."

"అందులోంచి కూడా తియ్యడం ఎలాగో చూపించండి. నాకు రాదు."

అతను చాలాసేపు నా ఫోన్ వైపు చూసి, చేతిలోకి తీసుకున్నాడు. ఒక్కొక్కటీ నొక్కి, చివరిది మాత్రం నాకు వదిలేశాడు. అది నేనే నొక్కాను. కాఫీ వచ్చింది. ఇద్దరం తాగాం. తన సంగతి అతనేమీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ రోజునుంచి గ్రూపులో ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. ఏసురాజు గారు అంతా విని, "కంపెనీకి భయపడి తీసేద్దామనుకున్నానండి. ఇప్పుడు భయం లేకుండా తీస్తాను," అన్నారు. కొందరు వెంటనే సరేనన్నారు. ఒకాయన నాకు మతి పోయిందన్నాడు. నాలుగు రోజులాగి మళ్ళీ చేశాను. మళ్ళీ అదే అన్నాడు. మూడోసారి చేసేసరికి, "తీసేశాను మహాప్రభో, ఇంక ఫోన్ చెయ్యకండి," అన్నాడు. నమ్మాను. అమలాపురంలో అచ్చిబాబు గారికి కంటిచూపు లేదు, ఫోన్ గొంతుతోనే వాడతారు. బస్సెక్కి వెళ్ళి, ఆయన ఒప్పుకున్నాక నా చేత్తో తీశాను. పాపం, నాకు దారికి జున్ను కట్టించి పంపారు. ఆ రికార్డు పెట్టిన వెబ్‌సైట్లకు రాశాను. ఒకరు తీశారు. మిగతావాళ్ళు జవాబివ్వలేదు. రాస్తూనే ఉన్నాను. అన్నిచోట్లా పోదని నాకూ తెలుసు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఫోన్లో ఉండే ఉంటుంది. కానీ ఆవిడ అడిగింది వాళ్ళని కాదు, నన్ను.

రాత్రి భోజనమయ్యాక కష్టంగా ఉండేది. గిన్నెలు కడిగి, మర్నాటికి పాలు తోడుపెట్టి, వీధి గదిలో ఊరికే కూర్చునేవాణ్ణి. కొన్ని రోజులకు, రామలక్ష్మి గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవడం మొదలుపెట్టాను. ఇన్నాళ్ళూ ఆ చోట ఇంకొకరి గొంతు ఉండేది.

ఛానెల్లో కంపెనీ పద్యాలు పోయాయి. సూర్యకళ గారి పేరు సరిగ్గా పడింది. కోటిపల్లి పద్యం కూడా ఒక రోజు చూస్తే లేదు. నాతో చెప్పకుండానే దొరబాబు తీసేశాడు.

సంక్రాంతి వెళ్ళిన వారానికి, దీపాలు పెట్టే వేళ అతను మా ఇంటికొచ్చాడు. చంకలో పాత టేప్ రికార్డరు, జేబులో క్యాసెట్టు.

"అసలుది ఇదండి. ఫోన్లో తీశాక ఇది ఉంచుకుంటే ఏం లాభం? ఇంట్లో చెరపడం నా చేత కాలేదు. అందుకని తెచ్చాను."

"ఒకసారి వింటారా?"

అతను ఆలోచించాడు. "వద్దండి. వింటే మళ్ళీ ఒన్స్‌మోర్ అంటాను."

బల్ల మీద పెట్టి, క్యాసెట్టు వేసి, ఎర్ర బటనూ పక్క బటనూ కలిపి నొక్కాడు. చక్రాలు తిరగడం మొదలైంది. ఆ టేప్ రికార్డరుకు మైకు లోపలే ఉంటుంది. పాత రికార్డు చెరిగిపోతూ, గదిలో ఏ మాటన్నా దాని మీద పడుతుంది. అందుకని ఇద్దరం మాట్లాడలేదు. పక్క వాటాలో కుక్కరు కూతేసింది. ఎవరో పసిపాపను జోకొడుతున్నారు. దూరంగా గోదావరి వంతెన మీద గూడ్సు చాలాసేపు వెళ్ళింది. దొరబాబు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. పద్యం ఎక్కడిదాకా వచ్చి ఉంటుందో ఇద్దరికీ తెలుసు. గొంతు పూడుకునే చోటు వచ్చింది, వెళ్ళింది. రెండోసారి మొదలయ్యే చోటు కూడా వచ్చింది. అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి.

టక్కుమని బటన్ పైకి లేచింది.

"ఆవిడకి చెప్పండి, మేస్టారూ," అన్నాడు లేస్తూ. "నేను చెప్పలేను."

"రేపు ఫోన్ చేస్తాను."

టేప్ రికార్డరు సంచిలో పెట్టుకుని మెట్లు దిగాడు. పక్క వాటాలో జోకొట్టే చప్పుడు ఆగిపోయింది. పాప నిద్రపోయినట్టుంది. దొరబాబు అటు చూసి, స్కూటర్ స్టార్ట్ చెయ్యకుండా మలుపు దాకా నెట్టుకుంటూ వెళ్ళాడు. అతను కనబడినంతసేపూ నిలబడి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు వేసి, గడియ పెట్టాను.