చాయ్ తాగని ఆరుగురు

డాక్టరయ్యి కూడా రోగిని ముట్టని పిల్ల తన కడుపునే పుట్టాలా అని జయమణి చర్చిలో కనబడ్డ వాళ్లందరి దగ్గరా వాపోయేది. కూతురు జిప్పోరా చదివేది ఫిజియాలజీలో ఎండీ. బాగున్న ఒళ్లు ఎలా పనిచేస్తుందో నేర్పే చదువట. బాగున్నదాన్ని కదిలించి చూడ్డానికి మూడేళ్లు దేనికో ఏడో తరగతితో బడి మానేసిన జయమణికి అంతుపట్టలేదు.

ఇప్పుడు థీసిస్ అంటూ, ఏ జబ్బూ లేని యాభై దాటిన ఆడవాళ్ల చేయి మంచునీళ్లలో ముంచి, బీపీ ఎంత పెరిగిందో రాసుకుంటోంది. నలభై మంది కావాలి. ముప్పైనాలుగు దగ్గర ఆగింది. శనివారం సాయంత్రానికి మిగిలిన ఆరుగురూ దొరక్కపోతే గైడు సదాశివ సారు సంతకం పెట్టడు. పరీక్ష ఆరు నెలలు వెనక్కి పోతుంది. జయమణి భయం మాత్రం వేరు. చేయి ముంచగానే ఎవరి గుండె ఆగుతుందో, పోలీసులు జిప్పోరాను ఎప్పుడు తీసుకుపోతారో అని.

అయినా కన్నతల్లి కదా. చర్చి స్త్రీల సమాజం నుంచి ఐదుగురిని పోగుచేసి, తానే ఆరో మనిషిగా శనివారం పొద్దున్నే నాంపల్లి నుంచి బయల్దేరదీసింది. టిఫిన్ చేయొచ్చు గానీ చాయ్, కాఫీ తాగితే బీపీ పెరుగుతుంది, తాగొద్దని జిప్పోరా ముందే చెప్పింది. ఆబిడ్స్ చౌరస్తా చేరేసరికి ఆ ఐదుగురిలో ఒకామె, ఇవాంజెలిన్, చాయ్ లేక ముఖం వాడిపోయింది. ఇక్కడే పడిపోతుందేమోనని జయమణి భయపడింది. అందరినీ ఇరానీ హోటల్లోకి తోలి తలా ఒక చాయ్ తాగించింది. ఒక్క కప్పుకు ఏమవుతుంది, చాయ్‌కి కూడా భయపడే చదువు ఏం చదువు అనుకుంది.

కాలేజీలో జిప్పోరా ఒక్కొక్కరినీ అడిగి ఫారం నింపింది. చాయ్ తాగారా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా పక్కనున్న జయమణి వాళ్లకన్నా ముందే లేదనేసింది. ఆరు చేతులూ మునిగాయి. ఎవరి గుండే ఆగలేదు. నలభై అయ్యాయని జిప్పోరా సంతోషంతో ఊపిరి పీల్చుకుంది.

ఈ అంకెలతో ఏం చేస్తావని జయమణి ఊరికే అడిగింది. ఈ వయసు ఆడవాళ్లకు బీపీ ఎంత పెరిగితే మామూలో దీన్ని చూసి చెప్తారని కూతురు చెప్పింది. అంతే, జయమణికి ఎక్కడో ఒకామె, నిజంగానే జబ్బున్నది, ఈ అంకెల వల్ల బాగున్నావనిపించుకుని ఇంటికి వెళ్తున్నట్టు కళ్ల ముందు ఆడింది.

"బిడ్డా, మేం చాయ్ తాగి వచ్చినం. ఆరుగురం."

జిప్పోరా చేతిలో పెన్ను ఆగిపోయింది. అప్పుడే లోపలికొచ్చిన సదాశివ సారు సంగతి విని నవ్వాడు. తలుపు మీద ఆయన పేరు పక్కన ఉన్న డిగ్రీలన్నీ కలిసి ఈ మాట అనిపించాయి: "ఒక్క కప్పు చాయ్‌కి ఆరు నెలలు పోగొట్టుకుంటవా? ఫారంలో లేదనే ఉంది కదా. ఉండనియ్."

జయమణి ఆయన్ని ఎగాదిగా చూసింది. "సార్, దవాఖానల మాకు మందులు రాసేటోళ్లు గూడ మీ దగ్గర చదివినోళ్లేనా ఏంది?"

సారు నవ్వు ఆగింది. జిప్పోరా మాత్రం ఎవరి వంకా చూడలేదు. ఆరు ఫారాల మీదా అడ్డంగా గీత కొట్టి, పక్కన కారణం రాసి, సంతకం పెట్టింది.

"గంతసేపు చెయ్యి గడ్డ కట్టించి, ఇగ మమ్మల్ని కొట్టేసినవా బిడ్డా?" అంది ఇవాంజెలిన్, ఇంకా వేళ్లు రుద్దుకుంటూ.

"ఔ ఆంటీ. ఇంకో ఆరుగురిని వెతుక్కుంట. పరీక్ష వచ్చేసారి రాస్త."

సారు సంతకం పెట్టకుండానే వెళ్లిపోయాడు. నాంపల్లి దాకా జయమణి దారి పొడుగునా ఆయన్నీ, చాయ్‌నీ, మంచునీళ్లనీ, ఆ దిక్కుమాలిన చదువునీ తిడుతూనే ఉంది. కూతుర్ని మాత్రం ఒక్క మాటా అనలేదు.