అద్దాల సీటు కవర్లు

హరిలాల్ పాలకుర్తిలో పాత కారు కొని తండాకు తెచ్చిన రోజు, డోరు తీయగానే పెళ్ళాం చంద్రి కొంగుతో ముక్కు మూసుకుంది. అమ్మినవాడు అందులో కూర్చుని ఎన్నేళ్ళు బీడీలు తాగాడో ఏమో, లోపలంతా అదే కంపు. సీట్లు చిరిగి స్పాంజి బయటికొచ్చింది. భూపాలపల్లిలో ఏదైనా ఆఫీసుకు బండిని నెలవారీ కిరాయికి పెట్టాలని హరిలాల్ ఆశ. ఈ అవతారంతో పోతే గేటు కూడా దాటనివ్వరు. కొత్త కవర్లకు షాపువాడు తొమ్మిది వేలన్నాడు. కారుకే ఉన్నదంతా ఊడ్చిపెట్టిన మనిషి తొమ్మిది వేలు ఎక్కడినుంచి తెస్తాడు?

"నువ్వు పరేషాన్ కాకు. నేను చూస్త," అంది చంద్రి.

చూసింది కూడా. సర్ఫు నురగతో సీట్లు తోమింది, మ్యాట్లు ఎండేసింది, పాత పళ్ళ బ్రష్షుతో ఏసీ జాలీల్లో దుమ్ము గీకింది, కంపు పోవడానికి మూలమూలనా కర్పూరం పెట్టింది. అంతా అయ్యాక పెట్టె తెరిచి వాళ్ళమ్మ ఫేటియా తీసింది. చచ్చిపోయేముందు అమ్మ చేతికిచ్చిన లంగా అది. అద్దాలు, గవ్వలు, ఎర్రదారం, నీలిదారం, రెండేళ్ళు కూర్చుని కుట్టిన పని! దానికి కత్తెర పెట్టాలంటే ఎవరికి చేతులొస్తాయి? చంద్రికీ రాలేదు. మూడుసార్లు కత్తెర పట్టి మూడుసార్లు కింద పెట్టింది.

"కోస్తే మల్ల రాదక్కా, ఆలోచించుకో," అంది పక్కింటి మౌనిక.

"ఆయన బతుకు బాగుపడితే మా అవ్వ ఏమనుకోదు," అని కోసేసింది.

ఆ ముక్కల్ని పాత దుప్పటి గుడ్డకు అతికి ఇరవై రోజులు కుట్టింది. కళ్ళు మండి నీళ్ళు కారినా సూది దించలేదు. వీపుకు గుచ్చుకోకుండా అద్దాలన్నీ అంచులకే తెచ్చి సీట్లన్నిటికీ తొడిగింది. తండా అంతా వచ్చి చూసి ముక్కున వేలేసుకుంది. హరిలాల్ అయితే సీటును చేత్తో నిమిరి, "గిసొంటి బండి జిల్లాల ఎవ్వనికీ లేదే!" అని పొంగిపోయాడు. ఆ ఒక్క మాటకే చంద్రికి కడుపు నిండిపోయింది, పిచ్చిది.

ఆ ముస్తాబు చూసే ఆఫీసు గుమాస్తా బండిని కిరాయికి కుదుర్చుకున్నాడు. హరిలాల్ భూపాలపల్లిలోనే గది తీసుకున్నాడు. నెల దాటినా ఇంటికి రాలేదు. కళ్ళమంట తగ్గక, దవాఖానలో చూపించుకుందామని చంద్రే బస్సెక్కి పోయింది. బస్టాండు దగ్గరికి హరిలాల్ తెచ్చిన కారు డోరు తీసి అలాగే నిలబడిపోయింది. లోపల సీట్లకు నల్ల రెక్సిన్ కవర్లు.

"నేను కుట్టినయి ఏవి?"

"డ్రైవర్లందరు తండా బండి, తండా బండి అని నవ్విన్రు. ఇజ్జత్ పోతదని మొదటి దినమే తీసేసిన. జర తొందరగ ఎక్కు, ఆఫీసు సారు ఎదురుచూస్తాండు. ఆయన్ను ఇంటికాడ దించి దవాఖానకు పోదాం."

ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే మరి. ఇంట్లో అంత పొగిడిన మొనగాడు, బయట నలుగురు నవ్వితే ఒక్క రోజు నిలబడలేకపోయాడు! చంద్రి ముందు సీట్లో కూర్చుంది.

ఆఫీసు ముందు సారు నిలబడి ఉన్నాడు. "ఎవరీమె?" అని అడిగాడు.

"మా తండామె సార్. దవాఖానకు వచ్చింది," అన్నాడు హరిలాల్.

పదేళ్ళు కాపురం చేసిన పెళ్ళాం ఒక్క మాటతో తండామె అయిపోయింది! చంద్రికి ఒళ్ళు మండింది. కానీ ఎక్కడ అతని కిరాయి పోతుందోనని పళ్ళబిగువున ఊరుకుంది.

వెనక సీటు మీద బొగ్గు దుమ్ము పడి ఉంటే తుడవడానికి హరిలాల్ డిక్కీలోంచి ఒక గుడ్డ తీశాడు. ఆయిలు మరకలతో నల్లబడిన గుడ్డ. ఎండ పడి దాని అంచున ఒక అద్దం తళుక్కుమంది.

"ఆగాగు," అని సారు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. "ఎంత బాగుంది ఈ పని! తుడుపుగుడ్డ చేశావేమయ్యా? ఎక్కడిది?"

హరిలాల్ చంద్రి వైపు చూడలేదు. "బజార్ల కొన్న సార్."

"మా ఆవిడ చూస్తే వదలదు. మా సొంత కారుకు ఇలాంటివి ఒక సెట్టు కావాలి. తెప్పిస్తావా?"

"తప్పకుంట సార్!"

సారును ఇంటి దగ్గర దించాక హరిలాల్ ముఖం వెలిగిపోయింది. "విన్నవా? సారుకే నచ్చినయ్! ఇగ మన బండిని ఎవ్వడు తీసేస్తడు? జల్ది కుట్టియ్యే. మీ అవ్వది ఇంకేమన్న మిగిలిందా?"

చంద్రి వెనక్కి వంగి, సీటు మీద పడేసిన గుడ్డను అందుకుంది. అమ్మ వేసిన ఎర్రదారం ఏదో, తను వేసింది ఏదో ఆ ఆయిలులో తెలియడం లేదు. గుడ్డను మడిచి సంచిలో పెట్టుకుని డోరు తీసింది.

"ఎటు పోతానవ్? దవాఖాన అటు కాదు!"

"తండామెను గద, బస్సుకు పోత," అంది చంద్రి. "సారుకు కావాల్నంటే, నువ్వు కొన్న ఆ బజారుకే పోయి కొనుక్కరాపో."