గాలి రంధ్రం మీద పసుపు

ముబారక్‌ను తాగుబోతు అన్నవాళ్లంతా ముందుకు రండి. టీ అంగట్లో కూర్చుని అన్నవాళ్లు, మసీదు మెట్ల మీద అన్నవాళ్లు, పులివెందుల దాకా ఫోన్లు చేసి మరీ అన్నవాళ్లు. మీలో ఒక్కడైనా ఆ పొద్దు వాని నోటి వాసన చూశాడా? ట్రాక్టర్ చక్రం విప్పి చూశాడా? అందరికంటే ముందు చూడాల్సిన మనిషి మెకానిక్ అబ్దుల్ సత్తార్. ఆయనా చూడలేదు.

పోయినేడు శనగ కోతలప్పుడు జరిగింది. నారాయణది నలభై ఏళ్ల పాత ట్రాక్టర్. ముబారక్ దానికి డ్రైవరు. ట్రాలీ నిండా ఆడకూలీలతో మైలవరం కట్ట ఎక్కుతుంటే బండి వెనక్కి జారింది. ముబారక్ రెండు కాళ్లతో బ్రేకు మీద నిలబడ్డాడు. బ్రేకు పట్టలేదు. దూకమని అరిచాడు. అందరూ దూకారు, భారతమ్మ తప్ప. ట్రాలీ ఒరిగి ఆమె కాలు విరిగింది.

ఆ సాయంత్రం జమ్మలమడుగులో సత్తార్ షెడ్డు ముందు జనం మూగారు. నారాయణ అందరి ముందూ అడిగాడు. "సత్తారూ, యాక్సిల్ సీళ్లు నువ్వేసి నెల కాలేదు. నీ పనిలో ఏమన్నా తప్పుందా?"

యాక్సిల్ సీలంటే ఇరుసు చుట్టూ కూర్చునే రబ్బరు కట్టు. లోపలి ఆయిల్‌ను లోపలే ఆపడం దాని పని. అది కారితే ఆయిల్ పోయి బ్రేకు లైనర్ల మీద పడుతుంది. ఆయిల్ తాగిన లైనరు దేన్నీ పట్టుకోదు. సత్తార్‌కు ఇదంతా కొట్టిన పిండి. చక్రం విప్పితే గంటలో తేలిపోయేది. విప్పితే ఏం తేలుతుందోనని భయపడ్డాడు.

"నా సీలు కొత్తది మామా. తప్పుంటే తోలినోనిలో ఉండాల" అన్నాడు.

వెనక నుంచి ఎవడో "తాగుంటాడు" అన్నాడు. సత్తార్ కాదనలేదు.

వారం తర్వాత మరమ్మతుకు చక్రం విప్పాడు. లైనర్లు ఆయిల్లో నాని ఉన్నాయి. ఆ సంగతి నారాయణకు చెప్పాడు కూడా. "ఆ మాట నీ కాడనే పెట్టుకో" అన్నాడు నారాయణ. పెట్టుకున్నాడు. సీళ్ల సరుకు మంచిది కాదని తనకు తాను సర్దిచెప్పుకొని, కొత్తవి వేసి పంపాడు.

ముబారక్‌కు మళ్లీ స్టీరింగు ఇచ్చినవాడు లేడు. పులివెందులలో అరటికాయల బండి తోలడానికి పోతే, పేరు వానికంటే ముందే అక్కడికి చేరింది. ఇప్పుడు పొద్దున్నే బస్సెక్కి ప్రొద్దుటూరు పోయి బస్తాలు మోస్తున్నాడు. శుక్రవారం నమాజుకు మాత్రం ఊళ్లోనే ఉంటాడు. వాడు ఏ వరసలో నిలబడితే సత్తార్ దాని వెనక వరసలో దూరతాడు. ముందు నిలబడితే వాని చూపు వీపు మీద పడుతుందని. కానీ వెనక నిలబడి సజ్దాకు నుదురు నేలకు ఆనిస్తే ముబారక్ మడమలు కనబడతాయి. బరువులు మోసి బీటలు వారిన మడమలు. ఏడాదిగా సత్తార్ దేవునికి వంగుతున్నాడో, ఆ మడమలకు వంగుతున్నాడో ఆయనకే తెలియదు.

ఈ సోమవారం ఆ ట్రాక్టర్ మళ్లీ వచ్చింది. వెనక చక్రాల లోపలి వైపు నల్లగా కారుతోంది. కొత్త డ్రైవరు అక్రమ్, ఆ బండి ఇక తోలనని తాళం చెవి షెడ్డులో పెట్టి పోయాడు. సత్తార్ జాకీ వేసి, ఇరుసు కింద మొద్దులు పెట్టి, చక్రాలు దింపాడు. ఇరుసులు బయటికి లాగాడు. సీలు కూర్చునే చోట గోరు పెట్టి గీకి చూశాడు, గాడి పడలేదు. పాత సీలు లోపలి అంచు ఎక్కడా తెగలేదు. కొత్తవి గ్రీజు పూసి, చెక్కముక్క పెట్టి, చుట్టూ సమంగా కొట్టి కూర్చోబెట్టాడు. అన్నీ బిగించి, ఊరి బయటికి అరగంట తిప్పి తెచ్చి, వంగి చూశాడు. సన్నగా మళ్లీ ఆయిల్.

షెడ్డు వాకిట్లో ఉడకబెట్టిన శెనిక్కాయలు అమ్మేది భారతమ్మే. కాలు విరిగినాక కూలికి పోలేక అక్కడ కూర్చుంటోంది.

"ఏంది అబ్బీ, మళ్లీ ముక్కు చీదుతాండాదా నీ పెండ్లికూతురు?"

సత్తార్ చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. సీలు బాగుంది, ఇరుసు బాగుంది. మరి ఆయిల్‌ను ఎవరు నెడుతున్నట్టు? బండి చుట్టూ తిరిగాడు. గేరుబాక్సు మూత మీద చిన్న బుడిపె, దాని నిండా ఎండిన పసుపు కుంకుమ. ఆయుధ పూజకు పెట్టిన బొట్టు. స్క్రూడ్రైవరుతో గీకాడు. పసుపు కింద ఎర్ర రంగు. రంగు కింద బూడిద రంగు లప్పం. పొడిచాడు. బుస్సుమని గాలి తన్నింది.

స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, వేలు ఆనించి చూశాడు.

బుడిపె కాదది, లోపలి గాలి బయటికి పోయే రంధ్రం. గేరుబాక్సుకూ ఇరుసులకూ ఆయిల్ ఒకటే, అది వేడెక్కితే గాలి అందులోంచే పోవాలి. రంధ్రం మూస్తే గాలి ఆయిల్‌ను సీళ్ల మీదికి తోస్తుంది, ఎంత కొత్త సీలైనా కారుతుంది. ప్రమాదం జరిగే ముందటి దసరాకు నారాయణ బండిని పెండ్లికూతురిలా చేయమంటే, కడిగిన నీళ్లు లోపలికి పోకుండా సత్తారే దాని మీద లప్పం అదిమాడు. తీయడం మరిచాడు. దాని మీదే రంగు కొట్టాడు. దాని మీద నారాయణ బొట్టు పెట్టాడు.

"ఏంది ఆ సప్పుడు?" అంది భారతమ్మ.

సత్తార్ పోయి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. చెప్పాడు. ఆమె చేతిలో శెనిక్కాయ ఒలవడం ఆపకుండా విన్నది.

"నా కాలిదేముందిలే అబ్బీ. పుత్తూరు కట్టు కడితే వంకరో టింకరో అతుక్కునె. తాగనోన్ని తాగినాడంటిరే, దానికి ఏం కట్టు కడతావు?" అంది. వంకర కాలు సర్దుకుని, "నేను వాని వెనకాలనే కూకోని ఉంటి. బీడీ వాసన తప్ప ఏమీ రాలా. నన్ను ఒకరన్నా అడిగినారా?"

సత్తార్ లేచి రెండు చక్రాలూ మళ్లీ దింపాడు. తడిసిన లైనర్లు తీసి అందరికీ కనబడేలా బల్ల మీద పరిచాడు. పొద్దు వాలేలోగా నారాయణ వచ్చాడు. విన్నాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"అయిపోయిన కత సత్తారూ. రంధ్రం తుడిచి చక్రాలు తగిలియ్. నీ పేరూ నిలబడతాది, నా పేరూ నిలబడతాది."

తనను పక్కన నిలబెట్టుకుని అలా అంటుంటే సత్తార్‌కు ఒళ్లు కంపరమెత్తింది. ఏడాదిగా ఈ అబద్ధంలో తాము ఒకే వరసలో నిలబడ్డారు, భుజం భుజం ఆనించి.

"నా పేరు పోనీ మామా. లప్పం పెట్టింది నేను. లైనర్లు చూసి నోరు మూసుకున్నది మనమిద్దరం" అన్నాడు. జాకీ రాడ్ తీసి తన కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు. "శుక్రవారం నమాజు అయినంక, ఈడనే, ఆ పొద్దు తాగినాడన్నోళ్లందరినీ పిలుచు. ముందు నేను చెప్తా. నా తర్వాత నువ్వు చెప్పాల. భారతమ్మ చెప్పేది అందరూ వినాల. ఆమీట ఈ చక్రాల నట్లు ముబారక్ చేత్తోనే బిగియల్ల, సీట్లో వాడే కూకోవాల. అంతవరకూ బండి మొద్దుల మీద నుంచి దిగదు. పో మామా, పోయి పిలుచుకోని రా."