అన్నం అంతా ఒకేలా వేడెక్కాలంటే

నా భార్య చనిపోయిన నెలకు మరదలు డబ్బాలో కూరన్నం కలిపి తెచ్చింది. నేను గిన్నెలో వేసి మైక్రోవేవ్‌లో పెట్టబోతుంటే ఆపింది.

"అలా గుట్టగా పోస్తే అంచులు ఎండిపోతాయి, మధ్యలో చల్లగానే ఉంటుంది బావా. చుట్టూ పరిచి నడుమ గుంట చెయ్యాలి. అక్క చెప్పలేదా?"

"మంచాన పడ్డ మనిషి గుమ్మంవైపు చూస్తూ పడుకుంది, నువ్వొస్తావని. నాకు వంటలు నేర్పలేదు."

ఆమె గిన్నె తన వైపు లాక్కుంది. అన్నం అంచులకు జరిపి, నీళ్లు చిలకరించి, మూత వదులుగా పెట్టి మైక్రోవేవ్‌లో ఉంచింది. సగంలో ఆపి అడుగుదాకా కలిపింది. గంట మోగగానే నేను దాని తలుపు తీయబోయాను.

"కాసేపు ఆగు, వేడి లోపలికి పాకాలి," అంది. తర్వాత మెల్లగా, "ఎన్ని తిట్టినా పడతాను బావా. రావద్దని మాత్రం అనకు," అంది.

"నేననడమెందుకు? రాకుండా ఉండటం నీకు తెలిసిన విద్యే కదా."

అన్నం అంతా ఒకేలా వేడెక్కింది. ఆమె కూడా తినలేదని మొహం చూస్తే తెలుస్తోంది. నేను ఒక్క కంచమే తీశాను.

మళ్లీ రావడానికి వంకగా డబ్బా వదిలి వెళుతుందనుకున్నాను. కడిగి, తుడిచి, సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.