మొత్తం వడ్డీ నాదే

నేను పన్నులవాళ్ళ దగ్గర ఒక్క పైసా దాచే మనిషిని కాను. కుట్టుపని మీద వచ్చింది రాస్తాను, మిగిలిన గుడ్డముక్కలు అమ్మితే వచ్చింది కూడా రాస్తాను. ఇక బ్యాంకులో పడున్న డబ్బు మీద వడ్డీ సంగతి చెప్పనే అక్కర్లేదు. అలాంటి నాకు పన్నుల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పొదుపు ఖాతా వడ్డీ గురించి మాట్లాడాలట, బుధవారం పదింటికి రావాలట. ఒళ్ళు మండిపోయింది.

కింద ఇంకో వాక్యం ఉంది. రెండో ఖాతాదారును కూడా పిలిచారట.

రెండో ఖాతాదారంటే మా అన్నయ్య. ఆ ఖాతా అమ్మ మా ఇద్దరి పేరా తెరిచింది. ఇద్దరూ సంతకం పెడితేగాని డబ్బు బయటికి రాకుండా కట్టుదిట్టం చేసింది. మేం ఎప్పటికైనా కొట్టుకుంటామని ఆవిడకి ముందే తెలుసు. ఆవిడ పోయిన నెలకే అన్నయ్య ఆవిడ కుట్టు మెషీను నాతో మాటమాత్రం అనకుండా అమ్మేశాడు. బట్టలు కుట్టేదాన్ని నేను, మెషీను అమ్మేసింది గడియారాలు బాగుచేసే ఆయన! నలుగురిలో నిలబెట్టి కడిగేశాను. "ఆ బ్యాంకు డబ్బు కూడా ఇలాగే మింగేస్తావు" అన్నాను. అన్నయ్య చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ మాట అనకూడదని అన్న క్షణంలోనే తెలిసింది. నోరు జారాక ఏం లాభం? తొమ్మిదేళ్ళు మాటల్లేవు. నాకున్నది ఒక్కగానొక్క అన్నయ్య, తనతో మళ్ళీ మాట్లాడాలని ఎంత ఉండేదో నాకే తెలుసు. అయినా తను వీధి చివర కనబడితే పక్క సందులోకి తిరిగిపోయేదాన్ని.

బుధవారం నేను వెళ్ళేసరికే తను వచ్చి ఉన్నాడు. ఆఫీసు వరండాలో బల్లకి ఆ చివర తను, ఈ చివర నేను, మధ్యలో ఎవరో మర్చిపోయిన గొడుగు. అన్నయ్య గోడ గడియారం వంక చూసి మొహం చిట్లిస్తున్నాడు. తప్పు టైము చూపే గడియారం కనిపిస్తే తనకి కుదురుండదు.

"పదకొండు నిమిషాలు వెనకుంది" అన్నాడు.

నాతో అన్నాడో గొడుగుతో అన్నాడో తెలియలేదు.

లోపల ఆఫీసరు మేడమ్ కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని బల్లంతా దానికోసమే వెతుకుతోంది. దొరికాక మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"మీరు అన్నాచెల్లెళ్ళా?"

"కాగితం మీద అవునండి" అన్నాను.

"నిరుడు ఈ ఖాతాకి మూడువేల నాలుగొందలు వడ్డీ వచ్చింది. అదంతా మీదేనని రాసి పన్ను కట్టారు."

"కట్టానండి. రసీదు తెచ్చాను."

"ఈయన కూడా అదంతా తనదేనని రాసి పన్ను కట్టారు. ఒక్క ఏడాది కాదమ్మా, తొమ్మిదేళ్ళుగా ఇద్దరూ ఇదే వరస." మేడమ్ గట్టిగా నిట్టూర్చింది. "వడ్డీ దాచేవాళ్ళని పట్టుకోవడానికి మా దగ్గర బోలెడు పద్ధతులున్నాయి. ఇలా నాదంటే నాదని ఎగబడి కట్టేవాళ్ళకి మాత్రం ఫారమే లేదు. ఎందుకు రాశారో చెప్పండి."

నేనే అందుకున్నాను. "వడ్డీ దాచానని రేపు ఈ మహానుభావుడు నన్ను వేలెత్తి చూపకూడదండి. అందుకని మొత్తం రాశాను."

"మీరో?"

అన్నయ్య కాసేపు చేతి గడియారం పట్టీ విప్పి పెట్టి, విప్పి పెట్టి చేశాడు.

"అప్పట్లో దీని షాపు సరిగ్గా నడవట్లేదని విన్నానండి. సగం దీని పేర రాస్తే ఆ సగానికి పన్ను ఇదే కట్టుకోవాలి. చేతికి రాని డబ్బుకి పాపం ఇదెందుకు కట్టడం? మొత్తం నాదేనని రాసేశాను. తర్వాత్తర్వాత అలవాటైపోయింది."

నేను కక్షకొద్దీ కట్టాను. తను నాకోసం కట్టాడు. బల్లమీద రెండు రసీదులూ అచ్చం ఒకేలా ఉన్నాయి. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

"నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా!" అన్నాను.

"చెప్తే విని ఊరుకునే రకమా నువ్వు, చిటపటా?"

చిన్నప్పుడు నాకు తను పెట్టిన పేరది. ఇంకెవరూ అలా పిలవరు. ఏడుపొచ్చేసింది.

"మింగేస్తావన్నాను. తప్పు, అన్నయ్యా."

"మెషీను అమ్మడం నాదీ తప్పే."

"తప్పే" అన్నాను. ఆ విషయంలో మాత్రం తగ్గను.

మేడమ్ మా ఏడుపులయ్యేదాకా ఏదో ఫైలు చూస్తున్నట్టు కూర్చుంది. తర్వాత మా పాత ఫారాలు ముందుకు తోసింది.

"ఎక్కువ కట్టింది వెనక్కి ఇప్పించే ఏర్పాటు చూస్తాను. అది పెద్ద పని కాదు. ఇదేమిటో చెప్పండి ముందు."

ప్రతి ఫారం చివరా ఒక గడి ఉంది. 'రెండో ఖాతాదారుతో మాట్లాడి ఈ లెక్క నిర్ధారించుకున్నాను.' ఆ గడిలో నా టిక్కు. తొమ్మిది ఫారాల్లో తొమ్మిది టిక్కులు. అన్నయ్యవీ తొమ్మిది.

"ఒక్కసారి నిజంగా మాట్లాడుకునుంటే ఈ తంటా వచ్చేదా?" అంది మేడమ్.

ఒక్క పైసా దాచని మనిషిని కదా నేను! ఏటా ఈ అబద్ధానికి టిక్కు పెట్టింది కూడా నేనే. అన్నయ్య తలుపులోంచి మళ్ళీ ఆ వరండా గడియారం వంక చూశాడు.

మేడమ్ ఈ ఏడాది ఫారం తీసి, చెరి సగం రాయమంది. బల్లకి దారంతో కట్టిన పెన్ను ఇచ్చింది. ఆ దారం జానెడుంది. కుర్చీలు దగ్గరికి లాక్కుంటేగాని కుదరలేదు. సగం తనది రాశాడు, సగం నాది రాశాను. చివరి గడి వచ్చింది. పెన్ను ఆపి అన్నయ్య వైపు తిరిగాను.

"సగం నీది, సగం నాది. అంతేనా అన్నయ్యా?"

"అంతేనే" అన్నాడు.

టిక్కు పెట్టాను. దారం పట్టేసి గీత గడి దాటిపోయింది. ఇంకో ఫారం ఇవ్వమంటారా అని అడిగాను. అక్కర్లేదు, ఇది చెల్లుతుందంది మేడమ్.