చాక్ గీత

ట్రాలీ తొట్టి కింద మద్ది దుంగ నిలబెట్టి, రెండుసార్లు కాలితో గట్టిగా తన్ని చూశాక గానీ సన్యాసయ్య తల లోపలికి దూర్చలేదు. ట్రాక్టరు ట్రాలీ పెంటతో సగానికి ఎత్తి అలాగే ఉంది. దాన్ని లేపే జాకీ మూత దగ్గర నూనె సన్నగా దిగి, మట్టిలో నల్లగా మడుగు కట్టింది.

"ఈ జాకీ కన్నా మా సంటోడి ముక్కు నయం సన్యాసయ్యా," అన్నాడు కూర్మారావు. గుడారి ఊళ్ళో బియ్యం వ్యాపారి, ట్రాక్టరు అతనిదే. "అదైనా తుడిస్తే కాసేపు ఆగతాది. నువ్వు సీలు మార్సి వారం కానేదు."

సన్యాసయ్య మూత మీది నూనె గుడ్డతో తుడిచాడు. ఇరవై ఏళ్ళలో అతని చేతి పని తిరిగి రావడం ఇదే మొదలు.

బొబ్బిలి వైపు పల్లె నుంచి కొలాబు డ్యాం పనులకు వచ్చి, బుల్‌డోజర్లకు గ్రీజు పెడుతూ పని నేర్చుకున్నాడు. తర్వాత గుడారి రోడ్డు పక్కన రేకుల పాక వేశాడు. ఆ పాకా, భార్య అమ్మన్నమ్మా తప్ప అతనికంటూ ఏమీ లేదు. బోర్డైనా రాయించలేదు.

పిన్ను ఊడగొట్టి జాకీ విడదీసి కిందికి దించాడు. మూత విప్పి, నూనె కారకుండా పట్టే రబ్బరు సీలు పైకి తీసి, బొటనవేలి గోరుతో అంచు చుట్టూ తడిమాడు. సీలుకి పెదవిలా పల్చగా ఉండే అంచు నూనె వైపు ఉండాలి. బయటి వైపుకి ఉంది. ఎప్పుడూ గోరుతో చూసుకునేవాడు, ఆ రోజు కంటితో చూసి బిగించేశాడు. కన్ను మసకేసిందని తనకు తెలుసు.

"దుకాణపోడు నాసిరకం సీలు అంటగట్టేడు కాదేటి? రాయగడ ఎల్లినప్పుడు ఆడి పని సెప్తాను."

అవునంటే అక్కడితో పోతుంది. సన్యాసయ్య ఆ సీలును కిరసనాయిల్లో ముంచి తీసి, చాలాసేపు తుడిచాడు.

"ఆడిదేటీ నేదు బాబూ. నానే తిరగేసి పెట్టీసేను."

నవ్వబోయిన కూర్మారావు ఆగాడు. "రేపో ఎల్లుండో వాన పడిందంటే పెంట పొలానికి సేరదు. నీ వల్ల కాదంటే సెప్పు, రాయగడ తోలుకుపోతాను."

"గుణుపురం బస్సొచ్చీదాకా ఉండనీయండి. అప్పటికి దిగిపోతే నాను మరి పానా ముట్టను."

కూర్మారావు తన బియ్యం దుకాణానికి వెళ్ళిపోయాడు.

కొత్త సీలును గోరుతో మూడుసార్లు చూసుకుని కూర్చోబెట్టాడు. పొద్దుటి నుంచీ ఎడమ భుజం లాగుతోంది. పానా బరువనుకున్నాడు. జాకీ ఎక్కించి, ఇంజను వేసి, ట్రాలీని నిండా ఎత్తి, ఇంజను ఆపాడు. దుంగ తీశాడు. మూతకు వేలెడు పైన జాకీ రాడ్డు మీద చాక్‌తో గీత గీశాడు. ట్రాలీ దిగితే గీత మూతలోకి పోతుంది. దుంగ తీసిన ట్రాలీ కిందికి అతను వెళ్ళడు, ఎవర్నీ వెళ్ళనివ్వడు. దూరంగా చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు.

అమ్మన్నమ్మ చోడంబలి తెచ్చింది.

"ఏటయ్యా, సెమటలు కారిపోతన్నావు?"

"నా సంగతి కాదు. ఆ గీత సూడు. కదిలిందేటి?"

ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "కదల్నేదు."

"సరిగ్గా సూడే."

"నీ కళ్ళనుకున్నావేటి నాయి? కదల్నేదంటన్నాను గదా."

అతను కొంచెం నవ్వాడు. "అయితే అంబలి ఇలా పెట్టు. ఉల్లిపాయ ఉంటే అట్రా."

ఆమె ఉల్లిపాయ చితక్కొట్టి తెచ్చేసరికి రోడ్డు మీద బస్సు హారను కొట్టింది. అంబలి గిన్నె పక్కనే ఉంది, ముట్టుకోలేదు. అతని తల చక్రానికి ఆని ఉంది. కళ్ళు జాకీ వైపే తెరుచుకుని ఉన్నాయి.

"ఏటయ్యా," అందామె. మళ్ళీ అంది.

బస్సు దిగిన వాళ్ళే అతన్ని మోసుకుని పాకలోకి తీసుకుపోయారు. కూర్మారావు వచ్చి చెప్పులు విడిచి గుమ్మంలో నిలబడ్డాడు. ట్రాలీ దించాలని ఆ రోజు ఎవరికీ తోచలేదు.

మర్నాడు తెల్లవారేసరికి కూడా అది పెంట బరువుతో ఎత్తినది ఎత్తినట్టే ఉంది. రాడ్డు మీద, మూతకు వేలెడు పైన, చాక్ గీత.